ఫోస్టర్ కేర్‌లో ఉన్న బాబుకి హార్స్ థెరపీ: ప్రభుత్వ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎలా అడగాలి

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకి ఉపయోగపడుతుంది. మీరు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నారు. నాలుగు నెలల క్రితం తొమ్మిదేళ్ళ బాబు ఫోస్టర్ కేర్‌లో, అంటే కన్నవాళ్ళ దగ్గర ఉండలేని పిల్లల్ని ప్రభుత్వం తాత్కాలికంగా వేరే ఇంట్లో ఉంచే ఏర్పాటులో, మీ ఇంటికి వచ్చాడు. ఎవరైనా దగ్గరికి వస్తే బిగుసుకుపోతాడు, రాత్రి సరిగ్గా నిద్రపోడు, థెరపిస్ట్ గదిలో గంటసేపు కూర్చున్నా నోరు విప్పడు. ఆ థెరపిస్టే హార్స్ థెరపీ ప్రయత్నించమన్నారు. దగ్గర్లో ఉన్న గుర్రాల ర్యాంచ్ వాళ్ళు సెషన్‌కి 120 డాలర్లు చెప్పారు, మెడికెయిడ్ (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) మేం తీసుకోం అన్నారు. బాబు కేసు చూసే కేస్‌వర్కర్‌ని అడిగితే "దానికి ఫండింగ్ లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ప్రభుత్వం నిజంగా ఇవ్వదా, లేక మేం అడగడం తెలియక పోగొట్టుకుంటున్నామా అన్నది మీ ప్రశ్న.

నేను టెక్సస్‌లో పదిహేనేళ్ళుగా క్లినికల్ సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. అందులో ఎక్కువ కాలం ఫోస్టర్ పిల్లలతోనే గడిచింది, కొన్నేళ్ళు గుర్రాల దగ్గరే సెషన్లు చేశాను. నా జవాబు ఇదండీ: గుర్రం పేరు చెప్పి అడిగితే దాదాపు ఎక్కడా ఇవ్వరు. పిల్లవాడికి ఉన్న జబ్బు పేరు, వైద్యం చేసే లైసెన్స్ ఉన్న మనిషి పేరు చెప్పి అడిగితే డబ్బుకి దారులు ఉన్నాయి. మీ కేస్‌వర్కర్ అబద్ధం చెప్పలేదు. మీరు అడిగిన మాటకి ఆవిడ దగ్గర ఉన్న జవాబు అదే. అడిగే మాట మార్చాలి.

ముందు ఒక విషయం తేల్చుకోండి. ఆ ర్యాంచ్ వాళ్ళు "హార్స్ థెరపీ" అంటున్నది ఏమిటి? ఈ ఒక్క పేరు కింద మూడు వేరువేరు పనులు నడుస్తున్నాయి. డబ్బు సంగతి మొత్తం ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటిది హిప్పోథెరపీ. ఫిజికల్ థెరపిస్టో, ఆక్యుపేషనల్ థెరపిస్టో, స్పీచ్ థెరపిస్టో తమ వైద్యంలో భాగంగా పిల్లల్ని గుర్రం మీద కూర్చోబెడతారు. గుర్రం నడుస్తుంటే దాని వీపు ముందుకీ వెనక్కీ, పక్కలకీ, కొంచెం మెలితిరుగుతూ కదులుతుంది. మనిషి నడిచేటప్పుడు నడుము కదిలే తీరుకి అది చాలా దగ్గరగా ఉంటుంది. సెరిబ్రల్ పాల్సీ లాంటివి ఉన్న పిల్లలకి దీన్ని ఎక్కువగా వాడతారు. రెండోది థెరప్యూటిక్ రైడింగ్. శిక్షణ పొందిన ఇన్‌స్ట్రక్టర్ ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి స్వారీ నేర్పిస్తారు. చాలా మంచి పనే కానీ అది వైద్యం కాదు, చదువు లాంటిది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో పోలియో వచ్చిన లిస్ హార్టెల్ అనే డెన్మార్క్ మహిళ గుర్రపు స్వారీలో వెండి పతకం గెలిచాక పశ్చిమ దేశాల్లో దీనికి ఊపు వచ్చింది. అమెరికాలో 1969లో మొదలైన సంస్థని ఇప్పుడు పాత్ ఇంటర్నేషనల్ అంటున్నారు. ఇన్‌స్ట్రక్టర్లకి సర్టిఫికెట్లు, కేంద్రాలకి గుర్తింపు ఇచ్చేది వాళ్ళే.

మూడోది మీ బాబుకి కావాల్సింది: గుర్రాల సాయంతో సైకోథెరపీ. ఇందులో చాలాసార్లు పిల్లవాడు గుర్రం ఎక్కడు కూడా. కింద నిలబడి బ్రష్ చేస్తాడు, తాడు పట్టుకుని నడిపిస్తాడు, గిట్టలు శుభ్రం చేస్తాడు. పక్కన లైసెన్స్ ఉన్న మానసిక వైద్య నిపుణులు ఒకరు, గుర్రం సంగతి చూసుకునే మనిషి ఒకరు ఉంటారు. 1999లో మొదలైన ఈగాలా సంస్థ పద్ధతి ఇదే. ర్యాంచ్‌కి ఫోన్ చేసి రెండే అడగండి: "సెషన్ నడిపేవాళ్ళకి ఎల్.పి.సి. (కౌన్సెలర్) గానీ ఎల్.సి.ఎస్.డబ్ల్యూ. (క్లినికల్ సోషల్ వర్కర్) గానీ లైసెన్స్ ఉందా? వాళ్ళు స్టార్ హెల్త్ (ఫోస్టర్ పిల్లల మెడికెయిడ్ ప్లాన్) ప్రొవైడర్‌గా నమోదయ్యారా?" రెండింటికీ "లేదు" అంటే ఆ ర్యాంచ్‌ని వదిలేయమని కాదు. అప్పుడు డబ్బు దారి వేరుగా ఉంటుంది, అంతే. అది కింద చెప్తాను.

తొమ్మిదేళ్ళవాడికి గదిలో రాని మాట గుర్రం దగ్గర ఎలా వస్తుందని చాలామంది అడుగుతారు. నేను చూసింది ఒకటి చెప్తాను, వివరాలు మార్చి. ఏడేళ్ళ పాప. నా దగ్గరికి వచ్చే ముందు ఎనిమిది నెలలు వేరే చోట థెరపీకి వెళ్ళింది. ఆమెకి మేం ఇచ్చింది ఇరవై ఒక్క ఏళ్ళ ముసలి గుర్రం. పాప బ్రష్ తీసుకుని అంట్లు తోమినట్టు గబగబా గట్టిగా రుద్దింది. గుర్రం చెవులు వెనక్కి వాల్చి ఒక అడుగు పక్కకి జరిగింది. పాప బ్రష్ నేలకేసి కొట్టి, "దీనికి కూడా నేనంటే ఇష్టం లేదు" అంది. నేను ఏమీ సర్దిచెప్పలేదు. "దాని చెవులు చూడు" అన్నాను. ఇద్దరం ఊపిరి లెక్కపెడుతూ నిలబడ్డాం. రెండోసారి మెడ దగ్గర మొదలుపెట్టి మెల్లగా దువ్వింది. ఒక చెవి పాప వైపు తిరిగింది. కాసేపటికి గుర్రం తల దించి పెద్దగా ఊపిరి వదిలింది. పాప నా వైపు చూడకుండానే, "కొడతానేమో అనుకుంది. కొట్టనని ఇప్పుడు తెలిసింది" అంది. కొట్టడం అన్న మాట ఆ పిల్ల నోట రావడం అదే మొదటిసారి.

గుర్రం వేటకి గురయ్యే జంతువు. కళ్ళు తలకి రెండు పక్కలా ఉండి దాదాపు చుట్టూ చూస్తుంది. మనిషి భుజాలు బిగిసినా, నడక మారినా వెంటనే కనిపెడుతుంది. దెబ్బలు తిన్న పిల్లలు కూడా అచ్చం అలాగే బతుకుతారు, ఎవరు ఎప్పుడు చెయ్యెత్తుతారా అని చూస్తూ. వాళ్ళకి ఆ భాష పుస్తకం లేకుండానే అర్థమవుతుంది.

డబ్బు విషయానికి వస్తే, ఆ రోజు నేను నోట్సులో "పాప గుర్రంతో ఆడింది, సంతోషంగా ఉంది" అని రాయలేదు. పాపకి ఉన్న డయాగ్నసిస్ రాశాను, ఆ నెల చికిత్స లక్ష్యం రాశాను, బెదిరినప్పుడు తనంతట తాను శాంతపడటానికి ఎంతసేపు పట్టిందో రాశాను, కొట్టడం గురించి మొదటిసారి చెప్పిన మాట రాశాను. మెడికెయిడ్ డబ్బిచ్చింది ఆ నోట్సులో ఉన్న సైకోథెరపీకి. గుర్రం ఆ గంట మేం కూర్చున్న చోటు, వాడిన పనిముట్టు.

మెడికెయిడ్ దగ్గరే మొదలుపెడదాం, ఎందుకంటే మీ బాబుకి ఉన్న అన్నిటికంటే పెద్ద హక్కు అదే. టెక్సస్‌లో పిల్లల సంరక్షణ చూసే రాష్ట్ర శాఖ (డి.ఎఫ్.పి.ఎస్.) కస్టడీలో ఉన్న పిల్లలు 2008 నుంచి స్టార్ హెల్త్ అనే ప్రత్యేక మెడికెయిడ్ ప్లాన్‌లో ఉంటారు. సుపీరియర్ హెల్త్‌ప్లాన్ దాన్ని నడుపుతుంది. మెడికెయిడ్‌లో 21 ఏళ్ళ లోపు పిల్లలకి ఇ.పి.ఎస్.డి.టి. అనే నియమం ఉంది. టెక్సస్‌లో దీన్ని టెక్సస్ హెల్త్ స్టెప్స్ అంటారు. 1989లో కాంగ్రెస్ ఈ నియమాన్ని బలపరిచింది. పిల్లల జబ్బుని నయం చేయడానికో, కనీసం తగ్గించడానికో అవసరమైన వైద్యం ఫెడరల్ మెడికెయిడ్ చట్టం జాబితాలోని ఏ కోవలోకి వచ్చినా సరే, పెద్దవాళ్ళకి ఆ రాష్ట్రం ఇవ్వకపోయినా సరే, పిల్లలకి ఇవ్వాల్సిందే. సైకోథెరపీ ఆ జాబితాలో ఉంది. గుర్రపు స్వారీ లేదు. అందుకే కాగితం మీద ఏం రాస్తున్నామన్నది అంత ముఖ్యం.

లైసెన్స్ ఉన్న ప్రొవైడర్ సెషన్‌ని మామూలు సైకోథెరపీ కోడ్‌తోనే బిల్లు చేస్తారు. 45 నిమిషాలదానికి 90834, గంటదానికి 90837. హిప్పోథెరపీకి ఎస్8940 అని విడిగా ఒక కోడ్ ఉంది కానీ అది పెట్టిన బిల్లులు చాలా ప్లాన్లు తిప్పి పంపుతాయి. ఫిజికల్, ఆక్యుపేషనల్ థెరపిస్టులు అందుకే తమ అసలు వైద్యం కోడే వేస్తారు, ఉదాహరణకి 97530. ఇది దొంగదారి కాదు, చేసిన వైద్యం అదే కాబట్టి. దొంగదారి ఎప్పుడవుతుందంటే, లైసెన్స్ లేని మనిషి స్వారీ నేర్పించి, ఇంకొకరి లైసెన్స్ నంబర్‌తో సైకోథెరపీ అని బిల్లు పెట్టినప్పుడు. అలా "అడ్జస్ట్ చేద్దాం" అనే ర్యాంచ్ కనిపిస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి. అది మెడికెయిడ్ ఫ్రాడ్, చివరికి చికిత్స ఆగిపోయి నష్టపోయేది మీ బాబే. నిజాయితీగా చేసే థెరపిస్ట్ కూడా సెషన్ ర్యాంచ్‌లో జరుగుతుందని ప్లాన్‌కి ముందే చెప్పి, సరేనన్న జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. బిల్లు పెట్టాక అడిగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఇంకొక చిక్కు ఉంది. మెడికెయిడ్ కవర్ చేసిన సెషన్‌కి ప్రొవైడర్ మీ దగ్గర పైన డబ్బు తీసుకోకూడదు. థెరపిస్ట్ గంటకి డబ్బు వస్తుంది సరే, గుర్రం ఖర్చు ఎవరివ్వాలి? గడ్డి, దాణా, పశువుల డాక్టర్, ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కి లాడాలు వేసే మనిషి, ఇన్సూరెన్స్, ఇవన్నీ ఉంటాయి కదా. చాలా ర్యాంచ్‌లు మెడికెయిడ్ వద్దనడానికి అసలు కారణం ఇదే. పిల్లల మీద దయ లేక కాదు. ఈ ఖాళీ నింపడానికే మిగతా చిన్న దారులు కావాలి.

ఆ దారుల్లోకి వెళ్ళేముందు, అందరూ మొదట అడిగి నిరాశపడే రెండు చోట్లు చెప్తాను. ఒకటి టైటిల్ ఫోర్-ఇ అనే ఫెడరల్ నిధి. మీకు నెలనెలా వచ్చే ఫోస్టర్ కేర్ డబ్బులో ఫెడరల్ వాటా దీనిదే. అది తిండి, బట్టలు, వసతి, స్కూలు సామాను, కన్న తల్లిదండ్రుల్ని కలవడానికి ప్రయాణం లాంటివాటికి. చికిత్సకి చట్టం ఒప్పుకోదు. రెండోది 2018లో వచ్చిన ఫ్యామిలీ ఫస్ట్ చట్టం. ఆ డబ్బుతో మానసిక వైద్యం ఇప్పించవచ్చని చదివి చాలామంది ఆశపడతారు. కానీ అది ముఖ్యంగా ఇంట్లోంచి తీసుకెళ్ళే ప్రమాదం ఉన్న పిల్లల కోసం. ఇప్పటికే ఫోస్టర్ కేర్‌లోకి వచ్చేసిన మీ బాబు దాని కిందకి రాడు. పైగా ఒక ఫెడరల్ క్లియరింగ్‌హౌస్ పరిశోధనలు చూసి రేటింగ్ ఇచ్చిన పద్ధతులకే ఆ డబ్బు. పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ లాంటివి అక్కడ పై వరసలో ఉన్నాయి. గుర్రాల మీద జరిగిన అధ్యయనాలు చాలావరకు చిన్నవి, పోల్చి చూడటానికి రెండో గుంపు లేనివి. కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు పి.టి.ఎస్.డి. (భయంకర అనుభవం తర్వాత మిగిలే మానసిక గాయం) ఉన్న 63 మంది మాజీ సైనికులకి వారానికి గంటన్నర చొప్పున ఎనిమిది వారాలు చేసిన మంచి అధ్యయనం ఉంది, 2021లో ప్రచురించారు. ఫలితాలు ఆశ కలిగించాయి. అందులో కూడా పోలిక గుంపు లేదు, వాళ్ళు పిల్లలూ కాదు. మాజీ సైనికుల మానసిక ఆరోగ్యం కోసం గుర్రాల థెరపీకి ఫెడరల్ ప్రభుత్వం గ్రాంట్లలో విడిగా 15 లక్షల డాలర్లు పెట్టింది. ఫోస్టర్ పిల్లలకి గుర్రాల పేరుతో అలాంటి ఫెడరల్ ఖాతా లేదు. 2023 సెప్టెంబర్ చివరికి దేశంలో 3,43,000 మంది పిల్లలు ఫోస్టర్ కేర్‌లో ఉన్నారు. వాళ్ళ తరఫున గట్టిగా అడిగే సంఘాలు మాజీ సైనికులకి ఉన్నంత బలంగా లేవు. ఈ మాట రాస్తుంటే నాకు బాధగానే ఉంది.

పనికొచ్చే దారులకి వస్తాను. టెక్సస్‌లో యెస్ వైవర్ అని ఒకటి ఉంది (వైవర్ అంటే మామూలు నియమాలు సడలించి అదనపు సేవలిచ్చే మెడికెయిడ్ పథకం), తీవ్రమైన మానసిక ఇబ్బందులున్న 3 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి. మామూలు మెడికెయిడ్ ఇవ్వని ప్రత్యేక థెరపీలు ఇందులో ఉన్నాయి: ఆర్ట్, మ్యూజిక్, జంతువుల సాయంతో చేసే థెరపీ. పేరు పెట్టి "జంతువులు" అని రాసి ఉన్న ప్రభుత్వ డబ్బు మీ చుట్టుపక్కల ఇదే. దీనికి దారి మీ కౌంటీ మానసిక ఆరోగ్య కేంద్రం ద్వారా. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది కాబట్టి ముందు మీ ఇల్లు ఎందులోకి వస్తుందో చూసుకోండి. కాలిన్ అయితే లైఫ్‌పాత్ సిస్టమ్స్, డెంటన్ అయితే డెంటన్ కౌంటీ ఎం.హెచ్.ఎం.ఆర్. ఫోన్ చేసి యెస్ వైవర్ ఎంక్వైరీ లిస్టులో పేరు రాయించమనండి. బాబు డి.ఎఫ్.పి.ఎస్. కస్టడీలో ఉన్నాడని మొదటి మాటగా చెప్పి, అర్హత సంగతి అప్పుడే తేల్చమని అడగండి. మీరు ఫోన్ చేసిన తారీకు, మాట్లాడినవాళ్ళ పేరు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. శారీరక వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, క్లాస్ అనే ఇంకో వైవర్‌లో హిప్పోథెరపీ, థెరప్యూటిక్ రైడింగ్ రెండూ పేర్లతో సహా ఉన్నాయి. ఆ లిస్టులో ఏళ్ళు పడుతుంది, అందుకే ఈ రోజే పేరు ఇవ్వండి. కొలరాడోలో పిల్లల వైవర్‌లో హిప్పోథెరపీ ఉంది. ఫ్లోరిడాలో వైకల్యం ఉన్న పిల్లల స్కాలర్‌షిప్ డబ్బుని పాత్ సభ్యత్వమున్న కేంద్రాల్లో వాడుకోవచ్చు. రాష్ట్రం మారితే నియమం మారిపోతుంది. వేరే రాష్ట్రంలో ఉన్న స్నేహితులు చెప్పింది టెక్సస్‌లో పనికిరాకపోవచ్చు.

తర్వాతది నేరాల బాధితుల నిధి. 1984 చట్టంతో వచ్చింది. ఇది పన్నుల డబ్బు కాదు, ఫెడరల్ కోర్టుల్లో శిక్షపడినవాళ్ళు కట్టే జరిమానాలు. ఇందులోంచి రాష్ట్రాల ద్వారా స్వచ్ఛంద సంస్థలకి గ్రాంట్లు వెళ్తాయి. హింసకి గురైన పిల్లలకి ఇందులో ప్రాధాన్యం ఉంది, నియమాల్లో ఆర్ట్ థెరపీ, యోగా లాంటి ప్రత్యామ్నాయ పద్ధతుల ప్రస్తావన కూడా ఉంది. మీ బాబు కేసు, హింసకి గురైన పిల్లలకి సాయపడే చిల్డ్రన్స్ అడ్వొకసీ సెంటర్ ద్వారా వెళ్ళిందేమో కేస్‌వర్కర్‌ని అడగండి. అలాంటి సెంటర్లు పిల్లలకి ఉచితంగా థెరపీ ఇస్తాయి, కొన్నిచోట్ల ర్యాంచ్‌లతో కలిసి పనిచేస్తాయి. జరిమానాల రాబడి పడిపోయి ఈ గ్రాంట్లు బాగా తగ్గాయి, 2021లో చట్టం సవరించినా ఆ లోటు వెంటనే తీరలేదు. అందుకని దీనిమీద పూర్తి ఆశ పెట్టుకోకండి, అడగడం మాత్రం మానకండి. ఇది కాక, బాధితుల కాంపెన్సేషన్ అని టెక్సస్ అటార్నీ జనరల్ ఆఫీసు నడిపే పథకం ఉంది. కౌన్సెలింగ్ ఖర్చు ఇస్తుంది, కానీ వేరే ఎవరూ ఇవ్వనప్పుడే.

నాకు బాగా నచ్చే దారి మరొకటి, దాని గురించి చాలామందికి తెలియదు. టెక్సస్‌లో కౌంటీ చైల్డ్ వెల్ఫేర్ బోర్డులు ఉంటాయి. జ్యూరీ డ్యూటీకి వెళ్ళినప్పుడు మొదటి రోజుకి 20 డాలర్లు ఇస్తారు కదా, ఆ ఫారంలో "ఈ డబ్బుని చైల్డ్ వెల్ఫేర్ బోర్డుకి ఇస్తారా" అని ఒక గడి ఉంటుంది. మనవాళ్ళు సిటిజన్‌షిప్ వచ్చాక జ్యూరీకి వెళ్తున్నారు, ఈసారి ఆ గడిలో టిక్ పెట్టండి. ఆ డబ్బు, కౌంటీ ఇచ్చే కొంత డబ్బు కలిపి వేరే ఏ ఖాతా నుంచీ రాని పిల్లల అవసరాలకి బోర్డు ఖర్చు పెడుతుంది: కళ్ళజోడు, సమ్మర్ క్యాంపు, సంగీతం క్లాసులు. గుర్రం ఖర్చులో ఆ ఖాళీ ఉందన్నానే, దానికి సరిగ్గా సరిపోయే చోటు ఇది. అభ్యర్థన కేస్‌వర్కర్ ద్వారా వెళ్ళాలి. "సెషన్ థెరపిస్ట్ ఫీజు స్టార్ హెల్త్ ఇస్తోంది, ర్యాంచ్ వాడకానికి వారానికి ఇంత, 16 వారాలకి ఇంత" అని లెక్క రాసి ఇస్తే బోర్డువాళ్ళకి నిర్ణయం సులువు. "హార్స్ థెరపీకి సాయం చేయండి" అని ఊరికే రాస్తే ఆ కాగితం అలాగే ఉండిపోతుంది. ర్యాంచ్ లాభాపేక్ష లేని సంస్థ అయితే వాళ్ళ సొంత స్కాలర్‌షిప్ కూడా అడగండి, మొహమాటం వద్దు.

లైసెన్స్ లేని మామూలు రైడింగ్ స్కూలే మీకు దొరికితే? అప్పుడు దాన్ని థెరపీ అనకండి. 2014 ఫెడరల్ చట్టం ప్రకారం ఫోస్టర్ పిల్లలు కూడా మిగతా పిల్లల్లాగే ఆటలు, క్లాసులు, క్యాంపులకి వెళ్ళాలి, మామూలు తల్లిదండ్రులు ఇచ్చే అనుమతులు మీరే ఇవ్వొచ్చు. రైడింగ్ క్లాసు ఆ కోవలోకి వస్తుంది. థెరపీ అంటే మాత్రం మెడికల్ కన్సెంటర్, అంటే బాబు వైద్యానికి ఒప్పుకునే అధికారం ఉన్న మనిషి, సంతకం కావాలి. మీ పేరు ఆ అధికారం ఇచ్చే 2085-బి ఫారంలో ఉందో లేదో చూసుకోండి. ర్యాంచ్ వాళ్ళు ఇచ్చే రిలీజ్ కాగితం మీద సంతకం పెట్టేముందు ఏజెన్సీని అడగండి. టెక్సస్ సివిల్ ప్రాక్టీస్ అండ్ రెమిడీస్ కోడ్ 87వ అధ్యాయం కింద గుర్రాల వల్ల సహజంగా జరిగే ప్రమాదాలకి ర్యాంచ్ బాధ్యత చాలా పరిమితం. ఆ సంగతి గేటు దగ్గరే బోర్డు మీద రాసి ఉంటుంది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం పదకొండేళ్ళ బాబుకి ఒక గ్రాంటు మీద పది సెషన్లు దొరికాయి. ఐదో సెషన్ అయ్యాక వాణ్ణి రెండు గంటల దూరంలో వేరే ఇంటికి మార్చారు. వాడికి ముందుగా ఎవరూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఆరో వారం మేం జీను వేసి ఎదురుచూస్తూ ఉండిపోయాం. తర్వాత వాణ్ణి ఫోన్‌లో పట్టుకుంటే మొదట అడిగింది, "దానికి ఎవరైనా గడ్డి వేస్తున్నారా?" అని. ఇల్లు పోయి, అమ్మ పోయి, స్కూలు పోయి, గుర్రం కూడా పోయింది వాడికి. ప్లేస్‌మెంట్ మారితే సెషన్లు ఎలా కొనసాగుతాయని మొదలుపెట్టేముందే నేను అడిగి ఉండాల్సింది, అడగలేదు. అందుకే ఇప్పుడు కనీసం నాలుగు నెలలకి డబ్బు ఎక్కడిదో తేలకుండా ఏ పిల్లనీ గుర్రం దగ్గరికి తీసుకెళ్ళను. "ముందు రెండు సెషన్లు సొంత డబ్బుతో చేయించి చూద్దాం, తర్వాత చూసుకుందాం" అని మీ మెసేజ్‌లో ఒక వాక్యం ఉంది. దయచేసి అలా చేయకండి. మొదలుపెట్టడం కొంచెం ఆలస్యమైనా పర్వాలేదు, మధ్యలో తెగిపోకూడదు. ఆఖరి సెషన్ ఎప్పుడో పిల్లవాడికి ముందే తెలియాలి, వీడ్కోలు చెప్పే రోజు ఒకటి ఉండాలి.

అందుకే మీ కోర్టు తారీకులు ముఖ్యం. టెక్సస్‌లో డిపార్ట్‌మెంట్ కస్టడీ తీసుకున్న 180 రోజుల లోపు మొదటి పర్మనెన్సీ హియరింగ్ (పిల్లవాడు చివరికి ఎక్కడ ఉండాలన్నది కోర్టు చూసే విచారణ) జరగాలి. నాలుగు నెలలు అయ్యిందంటే మీకు రెండు నెలల లోపే అది ఉంది. బాబు తరఫున కోర్టు పెట్టిన లాయరుతో (అటార్నీ ఎడ్ లైటెమ్), పిల్లవాడి మంచి చెడ్డలు కోర్టుకి చెప్పే కాసా వాలంటీర్ ఉంటే వాళ్ళతో ఇప్పుడే మాట్లాడండి. మొదటి నెలలో బాబు అవసరాలు, బలాలు చూసి చేసిన క్యాన్స్ అసెస్‌మెంట్ కాపీ కేస్‌వర్కర్ దగ్గర తీసుకోండి. అందులో ట్రామా, నిద్ర, భయం గురించి ఏం రాశారో చూడండి. ఇప్పటి థెరపిస్ట్‌ని ఒక పేజీ ఉత్తరం రాయమనండి: డయాగ్నసిస్ ఏమిటి, గదిలో ఎన్ని నెలలు ప్రయత్నించారు, ఏం కదలలేదు, జంతువుల సాయంతో ట్రామా సైకోథెరపీ వారానికి ఒకసారి ఎన్ని వారాలు కావాలి, మెరుగైందని దేన్నిబట్టి తెలుసుకుంటారు. జడ్జి ముందు ఆ ఉత్తరం ఉండి, బాబుకి ఏ సేవలు ఇవ్వాలో రాసే సర్వీస్ ప్లాన్‌లో ఆ మాట చేరితే, "ఫండింగ్ లేదు" అన్న ఒక్క ముక్కతో పని జరగదు. ఎలా ఇస్తారో డిపార్ట్‌మెంట్ ఆలోచించాల్సి వస్తుంది.

స్టార్ హెల్త్‌లో బాబుకి ఒక సర్వీస్ కోఆర్డినేటర్‌ని అడిగే హక్కు ఉంది. ఫోన్ చేసి, "జంతువుల సాయంతో పనిచేసే ట్రామా థెరపిస్టులు నెట్‌వర్క్‌లో ఎవరున్నారు" అని అడగండి. గుర్రం మాట వాళ్ళ డైరెక్టరీలో వెతికితే దొరకదు. కాదని ప్లాన్ రాతపూర్వకంగా ఉత్తరం పంపితే 60 రోజుల లోపు అప్పీలు చేయాలి, అక్కడా కాదంటే 120 రోజుల లోపు స్టేట్ ఫెయిర్ హియరింగ్ (రాష్ట్రం జరిపే విచారణ) అడగవచ్చు. నోటిమాటగా కాదంటే ఒప్పుకోకండి, ఉత్తరం పంపమనండి. ఉత్తరం లేకుండా అప్పీలు లేదు. ఒప్పుకుంటే ఇంకొకటి కూడా అడగండి: మెడికెయిడ్ అపాయింట్‌మెంట్‌కి మీరు కారులో తీసుకెళ్తే మైళ్ళకి డబ్బు ఇస్తారు. ర్యాంచ్‌లు ఊరికి దూరంగా ఉంటాయి, వారంవారం ఆ పెట్రోలు తక్కువేమీ కాదు.

మొదలుపెట్టేముందు థెరపిస్ట్‌కి నిజాలన్నీ చెప్పండి. బాబు ఎప్పుడైనా జంతువుల్ని హింసించాడా, నిప్పుతో ఆడాడా, ఫిట్స్, ఆస్తమా, ఎండుగడ్డి అలర్జీ ఉన్నాయా. ఇవి ఉంటే కొన్నిసార్లు గుర్రాల దగ్గరికి పంపరు, కొన్నిసార్లు జాగ్రత్తలతో పంపుతారు. దాచితే ప్రమాదం బాబుకీ, గుర్రానికీ కూడా.

మీరు ఇంకో మాట అడిగారు, ఇండియాలో మీ అమ్మగారికి ఇది ఎలా చెప్పాలని. అక్కడ 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో ఫోస్టర్ కేర్ ఉంది, మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద నెలకి 4,000 రూపాయలు ఇస్తారు. కానీ మన ఇళ్ళల్లో పరాయి పిల్లల్ని పెంచడమంటే దత్తతే గుర్తొస్తుంది. "ఈ బాబు వాళ్ళమ్మ దగ్గరికి తిరిగి వెళ్ళొచ్చు, అప్పటిదాకా మన దగ్గర ఉంటాడు" అని చెప్పండి, ఆవిడ అర్థం చేసుకుంటారు. ఒకవేళ కేసు దత్తత వైపు వెళ్తే మెడికెయిడ్ మామూలుగా కొనసాగుతుంది. సెషన్లు ఆపాల్సిన పని ఉండదు, కానీ స్టార్ హెల్త్ నుంచి వేరే ప్లాన్‌కి మారవచ్చు. ఆ మార్పు నెలలో థెరపిస్ట్ కొత్త ప్లాన్‌లో ఉన్నారో లేదో ముందే కనుక్కోండి.

మొదటి రోజు వేళ్ళు మూసి ఉండే బూట్లు వేయండి, చెప్పులతో రానివ్వరు. క్యారెట్లు పట్టుకెళ్ళాలని వాడికి ఉంటుంది. ముందు ర్యాంచ్‌వాళ్ళని అడగండి, కొన్ని గుర్రాలకి చేత్తో పెట్టనివ్వరు. గుర్రం పక్కన నిలబడ్డ వాడి ఫోటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాలని మీకు అనిపిస్తుంది. పెట్టకండి, ఫోస్టర్ పిల్లల ఫోటోలు అలా పంచుకోకూడదు. సెషన్ నడుస్తున్నప్పుడు మీరు కంచెకి కొంచెం దూరంగా కుర్చీ వేసుకుని కూర్చోండి, పిలిస్తేనే వెళ్ళండి. తిరుగు ప్రయాణంలో "ఏం చేశావు, ఏం చెప్పావు" అని అడగకండి. గుర్రం పేరేమిటో అడగండి, చాలు.